హరికథయు, పిట్టకథయు, నా బ్రదుకును

(ఎర్రగుంట్లలో జరిగిన నేతకుల సంఘ వార్షిక మహాసభయందు ఒక వృద్ధ హరికథకుడు చేసిన యుపన్యాసము)

   

ఈ మహాసభకు నన్నాహ్వానించుచు కార్యదర్శిగారు వ్రాసిన జాబులో, "తమ అనుభవములను ఒక గంటసేపు సెలవీయవలయును, పాటలు వలదు" అని యుండెను. ఐదు గంటలు నిలువబడి కథ చెప్పుట కలవాటుపడినవానిని గంటలో ముగింపుమనుట యొక శిక్ష. చిడతలు లేక నిలువుమనుట రెండవ శిక్ష. అయినను కులపెద్దల యాజ్ఞ గావున శిరసావహించితిని. చేతులు రిక్తముగా నున్నవి. వీనిని ఎచ్చట నుంచుకొనవలయునో తెలియకున్నది. కావున నేను మాటలాడునపుడు చేతులు ఊరక యాడినచో తాము మన్నింపవలయును.

నిన్నటి విషయనిర్ణయ సభలో ఒక యువకుడు లేచి, మన సంఘ విద్యానిధిలోని సొమ్ము ఇంజనీరింగు, వైద్యము మొదలగు చదువులకే వినియోగింపవలయునుగాని, "చిడతలు వాయించి పళ్లెము త్రిప్పుట" నేర్చుకొనువారికి ఈయరాదని చెప్పెను. సభలో కొందఱు నవ్విరి. నేనును నవ్వితిని; ఏలయన మాట చమత్కారముగా నున్నది. ఆ యువకునిపై నాకు కోపము లేదు. ఆయన ప్రశ్నకు తిన్నని సమాధానము చెప్పవలయునన్న నా బ్రదుకు కొంత చెప్పక తప్పదు.

నేను 1946వ సంవత్సరమున ఈ యూరికి ఆమడదూరములో నున్న యొక నేతపల్లెలో జన్మించితిని. మా తండ్రిగారిది గుంటమగ్గము. ఆయన గుంటలో కాళ్లుంచి త్రొక్కుపలకలు త్రొక్కుచుండగా, నాడె ఇటునుండి యటు, అటునుండి యిటు పరుగిడుచుండగా, ఆ చప్పుడు వినుచు నిద్రపోయిన బిడ్డలము మనమందఱము. నాకు తాళము నేర్పిన మొదటి గురువు ఆ మగ్గమే. సంగీతజ్ఞులెవరైన వినినచో నవ్వుదురేమో, గాని మా గురువుగారు నాకు ఆదితాళము చెప్పబోయినప్పుడు అది నా కాళ్లకు ముందే తెలిసియుండెను.

1958లో, నాకు పండ్రెండేండ్లప్పుడు, శ్రీరామనవమికి ఈ యెర్రగుంట్లలో వేసిన పందిటిలో ఒక భాగవతారుగారి కథ వింటిని. ఒక్కడే మనుష్యుడు. పట్టుపంచె, నడుమునకు చుట్టిన ఉత్తరీయము, మెడలో పూలదండ, కాళ్లకు గజ్జెలు, చేత చిడతలు. ప్రక్కను ఫిడేలు, మృదంగము. ఆయన భుజము కొంచెము వంచినచో మంథర. నడుము నిలిపి కన్నెఱ్ఱజేసినచో కైక. ఉత్తరీయపు కొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొని యేడ్చినచో దశరథుడు. తెఱ లేదు, రంగు లేదు, రెండవ మనుష్యుడు లేడు. ఆపైన, దశరథుడు మూర్ఛపోయిన ఘట్టమున ఆడవారందఱు కన్నీరు పెట్టుకొనుచుండగా, ఆయన చటుక్కున ఆగి, ముందు వరుసలో కునికిపాట్లు పడుచున్న యొక ముసలాయనను చూచి, "దశరథుడు లేచెను గాని తాతగారు లేవలేదు" అనెను. పందిరి అదరునట్లు నవ్వు. ఆ నవ్వు తగ్గకముందే మరల రాగమెత్తుకొని మమ్ము ఏడ్పించెను. ఏడ్చుచున్నవానిని నవ్వించి మరల ఏడ్పించుట యెట్లు సాధ్యమని నేను మూడు దినములు ఆలోచించితిని. నాలుగవ దినమున మగ్గము నొద్ద మనసు నిలువలేదు. పదునైదవ యేట ఇల్లు విడిచి ఒక గురువు నాశ్రయించితిని.

మన తెలుగుదేశమున హరికథకు ఈ రూపమిచ్చిన మహానుభావుడు ఆదిభట్ల నారాయణదాసుగారని మీలో పెద్దల కెఱుకయే. ఆయన 1864లో బొబ్బిలి ప్రాంతమందలి అజ్జాడలో పుట్టి, విజయనగరమున చదువుకొనుచు, చెన్నపురినుండి వచ్చిన కుప్పుస్వామి నాయుడుగారి కథ విని, 1883లో తాను ధ్రువచరిత్రము చెప్పెను. 1919లో విజయనగర సంగీత కళాశాలకు అధ్యక్షుడయ్యెను, 1945లో గతించెను. సంస్కృతము, పారసీకము, ఆంగ్లము నెఱిగి ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతములోనికిని అచ్చతెలుగులోనికిని తెచ్చిన పండితుడు, కాలికి గజ్జె కట్టి వీథిపందిటిలో ఆడుటకు సిగ్గుపడలేదు. మా గురువుగారు చిన్నతనమున ఆయనను కన్నులార చూచినవారు. "దాసుగారి పాట కంటె, పాటకు పాటకు నడుమ ఆయన ఆగుట గొప్పది" అని తఱచు చెప్పెడివారు. నేను దాసుగారిని చూడలేదు. ఆ ఆగుటను మాత్రము గురువుగారిలో చూచితిని.

కథలో పద్యము, కీర్తన, వచనము ముందుగా సిద్ధముచేసికొన్నవే. పిట్టకథ మాత్రము అట్లు గాదు. అది సభనుబట్టి పుట్టవలయును. ఇందులో రహస్యమేమియు లేదు గాని శ్రమ కలదు. ఏ యూరికి పోయినను సాయంకాలము నాలుగు గంటలకే చేరి, టీయంగడిలో గూర్చుండి, ఆ యూరి బావి పేరేమి, ఏ యేట వాన తప్పినది, గంగజాతర ఎందుల కాగినది, ఎవరి యెద్దు పందెము గెలిచినది, అన్నియు వినెడివాడను. రాత్రి కథలో సుగ్రీవుని సేన కదలునప్పుడు ఆ యూరి బావియొద్ద నీరు త్రాగెను. ఆ యెద్దు దానిని చూచి బెదిరెను. అంతే, కిష్కింధ ఆ యూరి పొలిమేరకు వచ్చెడిది. పిట్టకథ లోనికి దిగుటకు ముందు ఫిడేలువానికి కన్నుసైగ చేయుదును. అతడు నేను విడిచిన రాగమును సన్నగా పట్టియుంచును. ఎంత దూరము తిరిగినను ఆ సన్నని తీగ పట్టుకొని యింటికి రావచ్చును. ఆ తీగ తెగినచో కథకుడు అడవిలో పడినట్లే. నేను అట్లు పడిన రాత్రులు లేకపోలేదు. ఒకసారి సీతను వెదకబోయిన హనుమంతుని గంటసేపు మఱచిపోయితిని.

నా మొదటి కథను నేను చెప్పవలెనని చెప్పలేదు. 1966లో ఒక పల్లెలో గురువుగారు సుందరకాండము చెప్పుచుండగా గొంతు పట్టుకొనిపోయెను. నీళ్లు త్రాగిరి, మిరియములు నమిలిరి, పలుకు రాలేదు. వెనుక తంబుర పట్టుకొని కూర్చున్న నావైపు తిరిగి, తమ మెడలోని దండ తీసి నా మెడలో వేసిరి. హనుమంతుడు సముద్రము దాటి లంకాద్వారమున నిలిచియున్నాడు. నేను లేచితిని. రెండు మాటలు చెప్పితినో లేదో, పెట్రోమాక్సు దీపము బుస్సుమని ఆఱిపోయెను. చీకటి. పిల్లలు కేకలు వేసిరి. జనము లేచుచున్న సవ్వడి వినబడెను. నా కాళ్లు వణకెను. అప్పుడు నోట వచ్చిన మాట యిది: "కూరుచుండుడు! హనుమంతుడు లంకలో ప్రవేశించినది రాత్రి. ఆయనకు ఎవరు దీపము పట్టిరి? మనమును ఆయన తోక పట్టుకొని చీకటిలోనే పోవుదము. ముందువాని భుజముమీద చేయి వేయుడు." సభలో నిజముగనే భుజములమీద చేతులు వేసికొనిరి. ఆ చీకటిలో నేను పదినిమిషములు లంకావీథులు చెప్పితిని. దీపము వెలిగిన తరువాత ఒక ముసలమ్మ, "అప్పుడే వెలిగించినారా!" అని విసుగుకొనెను. ఆ రాత్రి నాకు ముట్టిన సంభావన పదునొకండు రూపాయలు. ఆ ముసలమ్మ మాట మాత్రము నేటికిని ఖర్చు కాలేదు.

మన సీమవారు కథ వినుటయందు ఇతరుల వంటివారు గారు. ఊరక కూర్చుండరు, ఎదురుప్రశ్న వేయుదురు. ఒక కఱవుటేట గంగావతరణము చెప్పుచుంటిని. భగీరథుడు గంగను తెచ్చుచుండగా వెనుకనుండి యొక రైతు, "సామీ! ఒక పిల్లకాలవ ఎర్రగుంట్ల దిక్కు తవ్వమను!" అని యఱచెను. నేను, "నాయనా, భగీరథుని అర్జీ బ్రహ్మ కచేరి, గంగ కచేరి, శివుని కచేరి మూడును తిరిగినది. మనది ఇంకను మొదటి కచేరిలోనే యున్నది" అంటిని. నవ్వులు ముగిసి కథ సాగి, జహ్నుమహర్షి గంగను మొత్తము త్రాగివేసినాడని చెప్పగానే మఱియొకడు, "వాడు మా పక్కూరోడే సామీ!" అనెను. ఆ రాత్రి హాస్యము నాది గాదు, వారిది. నేను తాళము వేసితిని, అంతే. ఆ కచేరి మాటను పెక్కేండ్లు వాడుకొంటిని. గండికోట జలాశయము నిండిన తరువాత దానిని మానివేసితిని. నీరు వచ్చెనన్న సంతోషమున మానితినని కొందఱు తలచిరి. అదియు కొంత నిజమే. కాని ఆ నీటి క్రింద తమ యూళ్లు విడిచివచ్చినవారు సభలో ఎక్కడనో కూర్చుండియుందురని నాకు తోచినది. వారియెదుట నీటి మాటకు నవ్వించుటకు నోరు రాలేదు.

అప్పటికప్పుడు పుట్టించు చమత్కారము మనకు క్రొత్త గాదు. ప్రొద్దుటూరిలో దుర్భాక రాజశేఖర శతావధానిగారును గడియారము వేంకటశేషశాస్త్రిగారును జంటగా అవధానములు చేసిన ప్రాంతము మనది. అవధానమున అప్రస్తుతప్రసంగి యని యొకడుండును. పద్యము కట్టుచున్న కవిని అడ్డగించి అసందర్భపు ప్రశ్న వేయుట వాని పని, నవ్వించునట్లు బదులు చెప్పి పద్యము చెడకుండ చూచుకొనుట కవి పని. పండితుల సభలో అది అవధానము, పామరుల సభలో తోలుబొమ్మలాట. రామరావణ యుద్ధము నడుమ కేతిగాడు, బంగారక్క వచ్చి యూరివారి గుట్టు విప్పుట లేదా? పగటివేషగాండ్రు కోమటివేషము, కరణమువేషము వేసి, అసలు కోమటి, అసలు కరణము ఎదుట నిలిచి మాటకు మాట చెప్పుట లేదా? చిత్తూరు ప్రాంతమున ధర్మరాజుగుళ్ల యొద్ద జరుగు భారత ఉత్సవములలో పగలు హరికథ, రాత్రి వీథినాటకము దినములకొలది సాగును. అచ్చట నేను పగలు చెప్పిన కథనే రాత్రి నాటకమువారు ఆడుచు, నేను వేసిన ఛలోక్తికి హాస్యగాడు బదులు చెప్పెడివాడు. మఱునాడు నేను దానికి బదులు చెప్పవలసివచ్చెడిది. ఆ వాదము పదునెనిమిదవ దినమున దుర్యోధనుడు పడిన తరువాతగాని తెగెడిది కాదు.

మా మనుమడు బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నాడు. ఒకనాడు వాడు నన్నొక శాలకు గొనిపోయెను. ఒక పడుచువాడు మైకు పట్టుకొని, ఒక్కడే, గంటసేపు తన తల్లిదండ్రులను, తన యద్దెయింటిని గుఱించి చెప్పి నవ్వించెను. ఆపైన నలుగురు వచ్చి సభవారిని ఒక మాట యడిగి, ఆ మాటపైన అప్పటికప్పుడు నాటకమాడిరి. ఇది అమెరికాదేశమున, షికాగో నగరమున, వయోలా స్పోలిన్ అను నామె పిల్లల కొఱకు కల్పించిన ఆటలనుండి పుట్టినదనియు, ఆమె కుమారుడు మఱి యిద్దఱితో గూడి 1959లో సెకండ్ సిటీ యను నాటకశాల స్థాపించెననియు మనుమడు చెప్పెను. జపానుదేశమున రాకుగో యను కథనము కలదట. కథకుడు ఒక దిండుపై కూర్చుండి, విసనకఱ్ఱ, చేతిగుడ్డ తప్ప వేఱేమియు లేక, ఒక్కడే అందఱి మాటలును ఆడునట. అసలు కథకు ముందు సభను జూచి నాలుగు మాటలు చెప్పి నవ్వించుట వారికిని కలదట. ఇవన్నియు వినగా, మన యువకుడు "పళ్లెము త్రిప్పుట" యనిన విద్య, ఇతరదేశములలో టిక్కెట్టు కొని చూచు విద్యయని తెలియవచ్చినది. నాకు మాత్రము ఆ బెంగుళూరు శాలలో ఒక లోటు తోచెను. గంటసేపు నవ్వితిమి, ఎవరును ఏడ్వలేదు. అది నా ముసలితనమేమో.

ఇక చెప్పుటకు కష్టమైన మాట. ఇది బయటి సభలో నేనెన్నడును చెప్పలేదు. మీరు నావారు గనుక చెప్పుచున్నాను.

నా యౌవనమున నాకు పేరు తెచ్చిన పిట్టకథ యొకటి కలదు. అది మందబుద్ధియైన యొక నేతగాని కథ. దానిని నేను కల్పింపలేదు. అట్టి కథలు దేశమున కోకొల్లలు, నేతవానిని వెఱ్ఱివానిగా చేసి నవ్వుట పాతకాలపు వాడుక. నేను దానికి నడక, గొంతు, చూపు అమర్చితిని. ఆ నడక ఎవరిదో మీరు గ్రహింపగలరు: గుంటలో దినమంతయు కూరుచుండి లేచినవాడు, మోకాళ్లు పట్టుకొనిపోయి, రెండడుగులు వంగి నడచు నడక. మా తండ్రిగారి నడక. పెద్ద పెద్ద యిండ్లవారు ఆ కథ కోరి చెప్పించుకొనెడివారు. నేను ఏ కులమువాడనో నన్నడిగినవారు తక్కువ. అడిగినను మాట మార్చెడివాడను. ఆ కథ చెప్పినన్నాళ్లు నన్నెవరును నేతవాడని అనుకొనలేదు. అదియే నాకు దానివలన నిజమైన లాభము.

ఒక రాత్రి మా పల్లెకు దగ్గఱ యూరిలో కథ. కోరిరి, చెప్పితిని. జనము విరగబడి నవ్విరి. కథ ముగిసి హారతి పళ్లెము తిరుగునపుడు చూతును గదా, స్తంభము ప్రక్కను మా తండ్రిగారును అమ్మయు కూరుచుండియున్నారు. వారు వచ్చుచున్నట్లు నాకు తెలియదు. తండ్రిగారు పళ్లెములో రూపాయి వేసిరి. తెల్లవాఱుజామున ముగ్గురమును నడచి ఇంటికి పోవుచుండగా ఆయన, "అందఱూ నవ్విరి గదరా అబ్బీ. నేనూ నవ్వితి. మీ యమ్మ నవ్వలేదు" అనెను. అమ్మ ముందు నడచుచుండెను; వెనుదిరిగి చూడలేదు. అంతకంటె వారు నన్నేమియు అనలేదు, ఆ రోజునను, తరువాతను.

ఆ కథను మరల చెప్పలేదు. అయినను కొన్నేండ్లు నా నోరు కట్టుబడిపోయినట్లయ్యెను. పిట్టకథ లేని హరికథ ఉప్పు లేని సంకటి. అప్పుడు బుఱ్ఱకథా పితామహుడు షేక్ నాజరుగారి చరిత్రము నా చేతికి వచ్చినది. గుంటూరుసీమలోని పొన్నెకల్లున 1920లో పుట్టిన ఆయన దూదేకుల యింటివాడు. బుఱ్ఱకథలో ప్రధానకథకునికి ఒకవైపు హాస్యము చెప్పువాడు, ఒకవైపు రాజకీయము చెప్పువాడు ఉందురు. ఆ పద్ధతిని వాడవాడలకు తీసికొనిపోయి, 1986లో పద్మశ్రీ పొంది, 1997లో గతించెను. ఆయన జీవితకథకు పెట్టిన పేరు 'పింజారి'. ఎదుటివారు తిట్టుగా వాడు మాటను ఆయన పుస్తకపు అట్టమీద ఎక్కించెను. మేము నేయు దారమునకు ముందు దూదిని ఏకినవారు ఆయనవారు. ఆ పుస్తకము మూసి, నేను ఆ సంవత్సరము ప్రతి సభలో కథ ప్రారంభించునప్పుడు, "నేను నేతవాడను, గుంటలోనుండి లేచి మీ యెదుటికి వచ్చితిని" అని చెప్పుట మొదలుపెట్టితిని. రెండు మూడిండ్లవారు పిలుచుట మానిరి. మిగిలినవారు పిలిచిరి. అటుపిమ్మట నా పిట్టకథలలో వెఱ్ఱివాడు ఎవడన్న, నేనే. బస్సు తప్పినవాడు, దండలోని చీమ కుట్టి శ్రీరాముని వేషమున గంతులు వేసినవాడు, హనుమంతుని మఱచినవాడు. ఈ వెఱ్ఱివానికి ఎప్పుడును పనిలేకపోలేదు.

పళ్లెము మాట చెప్పెదనంటిని. మన యువకుడు చెప్పినది నిజమే. కథకుడు ఐదుగంటలు చెప్పి, చివరకు హారతి పళ్లెమువైపు చూచుచు నిలుచుట యవమానమే. అందు పడినదానిలో ఫిడేలువానికి, మృదంగమువానికి పంచి, బస్సు ఖర్చు పోగా మిగిలినదానితో నేను ముగ్గురు బిడ్డలను పెంచితిని. మగ్గము నా భార్య నేసినది గనుక పెంచగలిగితిని. ఇప్పుడు పందిళ్లలో సినిమాపాటల పెట్టెలు వచ్చినవి. వానికి ముందే బేరమాడి, సగము సొమ్ము ముందుగా నిచ్చుచున్నారు. ఆ పెట్టెవానికిచ్చు మర్యాద కథకునికిండని పోషకులైన తమను వేడుచున్నాను: పిలుచునప్పుడే యింతయని చెప్పుడు, కాగితముమీద వ్రాయుడు, పళ్లెమును దేవునికి విడువుడు. పళ్లెము తప్పయినచో పళ్లెమును మానవలయునుగాని చిడతలను కాదు.

ఈ యెర్రగుంట్ల మండలమందే కలమళ్లయున్నది. క్రీస్తుశకము 575 ప్రాంతమున రేనాటి చోళుల ధనంజయుడు తెలుగున వేయించిన శాసనము ఆ గుడిలో దొరికినది. దొరికిన తెలుగు శాసనములలో అదియే మొదటిదని పండితులందురు. నాపరాయికి, సిమెంటుకు పేరుపొందిన మన యూరు మాటకు గూడ పేరుపొందినదేయని పిల్లలకు ఎవరైన చెప్పుచున్నారా?

నా మనుమరాలికి పదునాఱేండ్లు. హరికథ నేర్చుకొందునని రెండేండ్లనుండి పట్టుపట్టియున్నది. గోదావరి ప్రాంతమున కపిలేశ్వరపురములో హరికథా పాఠశాల యొకటి దశాబ్దములుగా నడచుచున్నది. అచ్చట ఆడపిల్లలెందఱో నేర్చుకొనిరి. సంస్కృతమున హరికథ చెప్పు ఉమామహేశ్వరిగారికి 2024లో పద్మశ్రీ వచ్చినది. "ఆడపిల్ల గజ్జె కట్టి పందిటిలో నిలుచుటా?" అని మన కులములో కొందఱు పెద్దలు నాతో ననిరి. వారికి నేను చెప్పినది యిది: రైలెక్కినచో ఇక్కడికి దగ్గఱనే యున్న తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవాచార్యులవారు, స్త్రీల వేషము స్త్రీలే వేయవలయునని పట్టుపట్టి వేయించిరి. ఆయన గతించి 1946 నుండి నేటివఱకు ఎన్నేండ్లయినదో లెక్క చూచుకొనుడు. నేను పుట్టిన యేడే గనుక నాకు లెక్క సులభము.

కార్యక్రమపత్రమున నాలుగవ తీర్మానము చూడుడు. విద్యానిధినుండి ఏటేట ఇద్దఱికి, ఒక బాలునికిని ఒక బాలికకును, కథాగానము నేర్చుకొనుటకు ప్రయాణవ్యయమును, పుస్తకములకును, నెలకొక మొత్తమును ఈయవలయునని అందున్నది. ఇంజనీరింగు పిల్లలకిచ్చుదానిలో ఒక్క పైసయు తగ్గింపనక్కఱలేకుండ, ఆ సొమ్మును వేఱుగా పోగుచేయుటకు నేను నా వంతుగా, గడచిన యేట నాకు సన్మానమున లభించిన మొత్తమును కోశాధికారిగారికి ఈ యుదయమే అప్పగించితిని. నా మనుమరాలికి ఆ నిధినుండి వలదు. ఆమె ఖర్చు నేను చూచుకొందును. ఆ యిద్దఱు మన యిండ్లనుండి మఱియెవరైన కావలయును. నిన్న మాటలాడిన యువకుడు ఆ యిద్దఱిని ఎంచు ఉపసంఘమున ఉండవలయునని నా కోరిక, చమత్కారమెఱిగినవాడు, పనికివచ్చును.

కార్యదర్శిగారు గడియారము చూపుచున్నారు. పాటలు వలదని వారు వ్రాసినది నాకు. మూడవ వరుసలో కూర్చున్న మా మనుమరాలికి అట్టి జాబేదియు రాలేదు. ఆమె సంచిలో చిడతలున్నవి. అధ్యక్షులవారు సెలవిచ్చినచో, తీర్మానము ఓటునకు పెట్టుటకు ముందు ఆమె పదినిమిషములు లంకలో దీపమాఱిన రాత్రి చెప్పును. దయచేసి ఎవరైన ఆ దీపములు ఆర్పుడు.